మునిగిన మనిషికి ముందు కావలసింది ఊపిరి

నీళ్ళలోంచి ఒక మనిషిని ఒడ్డుకు చేరుస్తారు. ఒంట్లో కదలిక లేదు. చుట్టూ జనం మూగుతారు. "కడుపు నొక్కండి, నీళ్ళు కక్కించండి" అని ఎవరో ఒకరు అరుస్తారు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తమని ఇంకొకరు అంటారు. పిల్లాడైతే భుజాన బోర్లా వేసుకుని గిరగిరా తిప్పేవాళ్ళూ ఉంటారు. అందరూ ఆ ప్రాణం నిలబడాలనే తాపత్రయపడతారు. కానీ ఆ ప్రాణానికి మిగిలిన గడువు ఆ రెండు మూడు నిమిషాలే. అవి కాస్తా కడుపు నొక్కడంలోనే గడిచిపోతాయి.

మునిగిన మనిషి ఒంట్లో కుండలో నింపినట్టు నీళ్ళు నిండిపోతాయని, ఆ నీళ్ళే ప్రాణం తీస్తాయని, వాటిని బయటికి తీస్తే మనిషి లేచి కూర్చుంటాడని మనలో చాలామంది నమ్మకం. కడుపులో నీళ్ళు ఉండొచ్చు. అవి మింగిన నీళ్ళు, అప్పటికి వాటితో వచ్చిన ముప్పేమీ లేదు. ప్రాణం తీసేది ఆక్సిజన్ అందకపోవడం. ఈ ఒక్క సంగతి మనసులో గట్టిగా నాటుకుంటే, ఒడ్డున ఏం చేయాలి, ఆసుపత్రిలో ఏం చేస్తారు, అసలు మునగకుండా ఎలా చూసుకోవాలి అన్నవన్నీ ఒకే దారానికి గుచ్చినట్టు అర్థమవుతాయి.

ఇది అరుదైన ప్రమాదం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. అంటే గంటకు 30 మందికి పైగానే. వాళ్ళలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళు నిండని పిల్లలు.

లోపల ఏం జరుగుతుంది?

నోరు, ముక్కు నీటి కిందికి వెళ్ళగానే మనిషి ఊపిరి బిగబడతాడు. భయంతో కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్న మనిషి నిమిషం పాటు అలా ఉండగలగడం కూడా కష్టమే. ఈలోగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటూ పోతుంది. అది ఒక హద్దు దాటాక మెదడు మన మాట వినదు, ఊపిరి తీయించి తీరుతుంది. అప్పుడు లోపలికి వచ్చేది నీరే. తినేటప్పుడు పొలమారితే ఎలా దగ్గు ముంచుకొస్తుందో అలాగే ఇక్కడా దగ్గు వస్తుంది. కొందరిలో స్వరపేటిక బిగుసుకుపోయి కాసేపు దారి మూసేస్తుంది కూడా. కానీ ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ బిగింపు సడలుతుంది, స్పృహ తప్పుతుంది, ఆ తర్వాత ఊపిరి ఆగిపోతుంది.

ఇంతకీ ఊపిరితిత్తుల్లోకి ఎన్ని నీళ్ళు వెళతాయి? చాలామందిలో శరీర బరువు కిలోకు 4 మిల్లీలీటర్ల లోపే. 60 కిలోల మనిషికి లెక్క కడితే పావు లీటరు కూడా కాదు. ఆ కాసిన్ని నీళ్ళే చేయాల్సిన నష్టమంతా చేస్తాయి. ఊపిరితిత్తుల్లో కోట్లాది చిన్న చిన్న గాలిగదులు ఉంటాయి. వాటి లోపలి గోడలకు సర్ఫాక్టెంట్ అనే పలుచని పూత ఉంటుంది. ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ గదులు ముడుచుకుని అతుక్కుపోకుండా కాపాడేది ఆ పూతే. నీళ్ళు దాన్ని కడిగేసి పాడుచేస్తాయి. దాంతో గదులు అతుక్కుపోతాయి. వాటి గోడలు దెబ్బతిని, రక్తంలోని ద్రవం లోపలికి ఊరుతుంది. ఆ ద్రవం, వెళ్ళిన నీరు, మిగిలిన గాలి కలిసి నురగ కడతాయి. మునిగినవారి నోటి దగ్గర తెల్లగానో లేత ఎరుపుగానో కనిపించే నురగ ఇదే. దీన్ని కడుపు నొక్కి తీయలేం. తలకిందులుగా వేలాడదీస్తే కారిపోయేదీ కాదు.

మంచినీళ్ళలో మునిగితే ఒకలాగా, సముద్రంలో మునిగితే ఇంకోలాగా ఒళ్ళు దెబ్బతింటుందని పాత వైద్య పుస్తకాలు వివరంగా చెప్పేవి. రక్తంలో లవణాలు అంతగా తారుమారు కావాలంటే కిలోకు 22 మిల్లీలీటర్ల దాకా నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాలి. ప్రాణాలతో బయటపడినవారిలో అంత నీరు దాదాపు ఉండదు. అందుకే ఏ నీళ్ళలో మునిగినా చికిత్స ఒక్కటే.

ఇక గుండె సంగతి. ఆక్సిజన్ తగ్గుతుంటే గుండె మొదట వేగంగా కొట్టుకుంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఆ తర్వాత నాడి అందనంతగా బలహీనపడి చివరికి ఆగిపోతుంది. మునగడం మొదలైన దగ్గర్నుంచి గుండె ఆగేదాకా సాధారణంగా పట్టేది కొద్ది నిమిషాలే. ఇక్కడ గమనించాల్సింది వరస. ముందు ఊపిరి ఆగుతుంది, కాసేపటికి గుండె ఆగుతుంది. ఈ రెంటికీ మధ్య చిన్న సందు ఉంది. ఆ సందులో మనిషి దొరికితే, నోటితో ఊపిరి ఊదడం ఒక్కటే అతన్ని వెనక్కి తీసుకురాగలదు.

బ్రెజిల్ తీరంలోని లైఫ్‌గార్డుల రికార్డులను పరిశీలించి డాక్టర్ డేవిడ్ స్పిల్మన్ 1997లో ప్రచురించిన లెక్కల్లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఊపిరి ఆగినా గుండె ఇంకా కొట్టుకుంటున్న స్థితిలో దొరికినవారిలో 44 శాతం మంది చనిపోయారు. గుండె కూడా ఆగాక దొరికినవారిలో 93 శాతం మంది. అదే దగ్గుతూ ఉన్నా ఊపిరితిత్తుల్లో ఏ తేడా వినిపించనివారిలో ఒక్కరూ చనిపోలేదు. ఈ అంకెలు చదివిన ప్రతిసారీ నాకు ఒడ్డున కడుపు మీద ఖర్చయ్యే ఆ నిమిషాలే గుర్తొస్తాయి.

నీటి కింద గడిచిన సమయాన్ని బట్టి కూడా ఫలితం మారిపోతుంది. 5 నిమిషాల లోపు మునిగి ఉంటే మరణం లేదా మెదడు తీవ్రంగా దెబ్బతినే అవకాశం దాదాపు 10 శాతం. 6 నుంచి 10 నిమిషాలైతే 56 శాతం. 11 నుంచి 25 అయితే 88 శాతం. ఆపైన దాదాపు నూటికి నూరు. దీనికి ఒక్క మినహాయింపు ఉంది, మంచులాంటి చల్లటి నీళ్ళు. ఒంటి వేడి ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ మెదడుకు కావలసిన ఆక్సిజన్ దాదాపు 5 శాతం చొప్పున తగ్గుతుంది. 1986లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో రెండున్నరేళ్ళ పాప గడ్డకట్టేంత చల్లటి వాగులో 66 నిమిషాలు మునిగి ఉండి కూడా బతికి బయటపడింది. ఇది వైద్య పత్రికలకెక్కిన నిజమే. గోరువెచ్చటి నీళ్ళలో మాత్రం ఇలాంటిది ఆశించలేం.

మునుగుతున్న మనిషి అరవడు

సినిమాల్లో మునిగేవాడు చేతులు పైకెత్తి ఊపుతాడు, "కాపాడండి" అని కేకలు పెడతాడు. నిజంగా మునిగే మనిషి అలా ఉండడు. ఫ్రాంక్ పియా అనే అమెరికన్ లైఫ్‌గార్డు 1970లలో మునుగుతున్నవారి దృశ్యాలను జాగ్రత్తగా గమనించి ఈ సంగతి బయటపెట్టారు. నోరు నీటి పైకి వచ్చేది క్షణకాలం, అది ఊపిరి తీయడానికే చాలదు, ఇక అరిచేది ఎక్కడ? చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి అదుముతుంటాయి. ఊపడానికో, తాడు అందుకోవడానికో వాటిని పైకెత్తడం తన వశంలో ఉండదు. ఒళ్ళు నిలువుగా ఉంటుంది, కాళ్ళు దాదాపు ఆడవు. తల వెనక్కి వాలి, నోరు తెరుచుకుని, చూపు శూన్యంగా ఉంటుంది. ఇలా నీటి పైన ఉండేది 20 నుంచి 60 సెకన్లు. పిల్లలైతే ఇంకా తక్కువసేపే.

దూరం నుంచి చూసేవారికి ఇది నీళ్ళలో నిలబడి ఆడుకుంటున్నట్టే అనిపిస్తుంది. పక్కనే పదిమంది పెద్దలున్నా పిల్లలు మునిగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. నీళ్ళలో ఉన్న పిల్లల అల్లరి ఉన్నట్టుండి ఆగిపోయిందంటే వెంటనే అటు చూడాలి. అనుమానం వస్తే "బాగున్నావా?" అని పిలవాలి. జవాబు రాకపోతే ఇక ఆలోచించే టైమ్ లేదు.

కాపాడబోయి తామూ మునిగిపోయేవారు ఎందరో ఉంటారు. మునిగే మనిషి చేతికి ఏది దొరికితే దాన్ని ఎక్కి పైకి రావాలని చూస్తాడు. అది మీ మెడ కావచ్చు. అది అతని తప్పు కాదు, ఒళ్ళు చేయించే పని. అందుకే రక్షణలో శిక్షణ లేనివాళ్ళు, ఎంత ఈత వచ్చినా సరే, నీళ్ళలో దూకకూడదు. ముందు అంబులెన్స్‌కు ఫోన్ చేయమని పక్కవారికి చెప్పండి. ఒడ్డున పడుకుని కర్రో, తువ్వాలో, చీరో అందించండి. అందకపోతే తాడు విసరండి. తేలేది ఏదైనా విసరండి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, గాలి నింపిన ట్యూబు, కూలర్ పెట్టె, ఏదైనా పట్టుకుని తేలడానికి పనికొస్తుంది.

ఒడ్డుకు చేరాక

పలకరించి చూడండి, భుజం తట్టండి. స్పృహ లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, నుదురు వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ఊపిరి ఆడుతోందేమో 10 సెకన్లకు మించకుండా చూడండి. ఛాతీ లేస్తోందా, చెంపకు గాలి తగులుతోందా? ఉండుండి నోరు తెరిచి ఎగపీల్చడాన్ని ఊపిరి ఆడుతున్నట్టు లెక్కవేయకూడదు.

ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉండండి. లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదడం మొదలుపెట్టాలి. ముక్కు మూసి, మీ నోటితో అతని నోటిని పూర్తిగా కప్పి, ఒక్కో ఊపిరిని ఒక సెకను పాటు ఛాతీ లేచేలా ఊదండి. పసిపిల్లలకైతే నోరూ ముక్కూ కలిపి కప్పి, బుగ్గల్లో పట్టేంత గాలి చాలు. యూరప్ మార్గదర్శకాలు మొదట 5 ఊపిరులు ఊదమంటాయి, అమెరికా మార్గదర్శకాలు 2 అంటాయి. అంకె గురించి టెన్షన్ పడకండి, ఊపిరితో మొదలుపెట్టడమే ముఖ్యం. అప్పటికీ కదలిక లేకపోతే సీపీఆర్. ఛాతీ మధ్యలో అరచేతి మడమ, అంటే మణికట్టు దగ్గరి భాగం, ఆనించి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 సార్లు నొక్కి, 2 ఊపిరులు ఊది, మళ్ళీ 30. పిల్లల్లో ఛాతీ మందంలో మూడో వంతు లోతు నొక్కాలి, పసిగుడ్డుకైతే ఛాతీని రెండు చేతులతో చుట్టి పట్టుకుని రెండు బొటనవేళ్ళతో నొక్కాలి. అంబులెన్స్ వచ్చేదాకా, లేదా మనిషి తనంతట తాను ఊపిరి తీసుకునేదాకా ఆపవద్దు. ఒంటరిగా ఉంటే ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతూనే పని కొనసాగించండి.

"ఛాతీ నొక్కితే చాలు, ఊపిరి ఊదక్కర్లేదు" అని చాలామంది వినే ఉంటారు. అది గుండెపోటుతో హఠాత్తుగా కుప్పకూలినవారి కోసం చెప్పిన మాట. వాళ్ళ రక్తంలో అప్పటికింకా ఆక్సిజన్ ఉంటుంది, దాన్ని మెదడుకు తోస్తే కొన్ని నిమిషాలు గడుస్తాయి. మునిగినవారి రక్తంలో ఆక్సిజన్ అయిపోవడం వల్లే గుండె ఆగింది. ఖాళీ రక్తాన్ని ఎంత తోసినా ఏం లాభం? ఊపిరి ఊదడానికి ఏమాత్రం వీలుకాకపోతే ఊరికే ఉండేకన్నా ఛాతీ నొక్కడం నయమే. వీలున్నప్పుడు మాత్రం ఊపిరి వదిలిపెట్టకూడదు.

నోటి నుంచి నురగ వస్తూనే ఉంటుంది. తుడుస్తూ కూర్చోవద్దు, దాని మీదుగానే ఊదండి. వాంతి అయితే తల పక్కకు తిప్పి, వేలితో శుభ్రం చేసి మళ్ళీ మొదలుపెట్టండి. సీపీఆర్ అవసరమైన మునక బాధితుల్లో నూటికి 86 మందికి వాంతి అవుతుందని లెక్క, కాబట్టి కంగారు పడక్కర్లేదు. కడుపు నొక్కితే జరిగే అసలు హాని కూడా ఇక్కడే ఉంది. నొక్కిన కొద్దీ కడుపులోనిది గొంతులోకి ఎగదన్నుతుంది, అది ఊపిరితిత్తుల్లోకి జారితే ఉన్న నష్టానికి కొత్త నష్టం తోడవుతుంది. గొంతులో ముద్ద అడ్డుపడినవారికి పొట్ట మీద నొక్కే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన హెన్రీ హైమ్లిక్, మునిగినవారికి కూడా అదే పనికొస్తుందని చాలా కాలం వాదించారు. వైద్య సంస్థలు ఆ వాదనను ఒప్పుకోలేదు.

నిజానికి ఇలాంటి పొరపాట్లకు చాలా పాత చరిత్రే ఉంది. మునిగినవారిని బతికించడానికే 1767లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక సంఘం పుట్టింది. ఆ రోజుల్లో మనిషిని పీపా మీద అటూ ఇటూ దొర్లించేవారు. పొగాకు పొగను మలద్వారం గుండా లోపలికి ఊదేవారు. చిత్రమేమిటంటే నోటితో ఊపిరి ఊదడమూ ఆ కాలం నాటి సలహాల్లో ఉంది, కానీ పొగ పక్కన దానికి దక్కాల్సిన చోటు దక్కలేదు. 1950లలో జేమ్స్ ఎలామ్, పీటర్ సఫార్ ప్రయోగాలు చేసి చూపించేదాకా దాని విలువ లోకానికి ఎక్కలేదు.

గుండెకు కరెంట్ షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం దగ్గరుంటే ఛాతీ పొడిగా తుడిచి పెట్టండి. అయితే మునిగినవారిలో షాక్ అవసరమయ్యే గుండె లయ తక్కువ మందిలోనే ఉంటుంది, కాబట్టి యంత్రం కోసం ఊపిరి ఊదడం ఆపకూడదు. మెడ విరిగి ఉంటుందేమో అన్న భయంతో కదపకుండా వదిలేయడం ఇంకో పొరపాటు. మెడ ఎముకకు దెబ్బ తగిలేది 200 మందిలో ఒకరికి, అదీ ఎక్కువగా తక్కువ లోతులోకి తలకిందులుగా దూకినవారికే.

ఆసుపత్రిలో చేసేదీ ఈ దారిలోనిదే. ఆక్సిజన్ ఇస్తారు. అది చాలకపోతే, అతుక్కుపోయిన గాలిగదులు తెరుచుకునేలా కొంత ఒత్తిడితో గాలి పంపే మాస్క్ పెడతారు, అప్పటికీ కుదరకపోతే వెంటిలేటర్. స్టెరాయిడ్లు, ముందుజాగ్రత్త పేరుతో యాంటీబయాటిక్స్ అందరికీ ఇవ్వడం వల్ల ప్రయోజనం కనబడలేదు.

తేరుకుని లేచి నడుస్తున్నా, దగ్గు, ఆయాసం, వాంతి, మగత వీటిలో ఏది ఉన్నా ఆసుపత్రికి వెళ్ళి తీరాలి. ఊపిరి ఊది బతికించినవారినైతే మరో మాట లేకుండా తీసుకెళ్ళాలి. సాధారణంగా 4 నుంచి 8 గంటలు గమనించి, ఆక్సిజన్ నిలకడగా ఉంటే పంపేస్తారు. ఈతకు వెళ్ళొచ్చి అంతా బాగున్న పిల్లాడు నాలుగు రోజుల తర్వాత "పొడి మునక"తో నిద్రలోనే చనిపోయాడంటూ సోషల్ మీడియాలో తిరిగే కథలు తల్లిదండ్రులను వణికిస్తుంటాయి. 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ప్రపంచ సదస్సులో నిపుణులు పొడి మునక, తడి మునక, రెండో విడత మునక వంటి పేర్లన్నిటినీ వదిలేయమన్నారు. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే లక్షణాలు కొన్ని గంటల్లోనే బయటపడతాయి. ఏ లక్షణమూ లేకుండా రోజులు గడిచాక ఇబ్బంది వచ్చిందంటే, దానికి వేరే కారణం వెతకాలి.

ఈత వచ్చినవారు ఎందుకు మునుగుతారు?

కొందరిని ముంచేది నీళ్ళకన్నా ముందు ఒంట్లో ఉన్న మరో జబ్బు. మూర్ఛ ఉన్నవారికి మునిగే ప్రమాదం మిగతావారికన్నా 15 నుంచి 19 రెట్లు ఎక్కువ. వాళ్ళు స్నానానికి తొట్టి వదిలి షవర్ వాడటం, గడియ పెట్టుకోకపోవడం, తోడు లేకుండా ఈతకు దిగకపోవడం ప్రాణాలు కాపాడే పనులు. లాంగ్ క్యూటీ అనే పుట్టుకతో వచ్చే గుండె లయ జబ్బులో ఒక రకం ఈత కొడుతుండగానే బయటపడుతుంది. బాగా ఈత వచ్చిన కుర్రవాడు కారణం తెలియకుండా మునిగిపోతే, ఆ ఇంట్లో మిగిలిన పిల్లలకు ఈసీజీ తీయించాలి.

మంచి ఈతగాళ్ళకు ఇంకో ప్రమాదం ఉంది. నీటి కింద ఎక్కువసేపు ఉండాలని పందెం కట్టి, దూకేముందు గబగబా లోతుగా ఊపిరి పీలుస్తారు. దానివల్ల ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా తగ్గిపోతుంది. "ఇక ఊపిరి తీయి" అని హెచ్చరించేది ఆ కార్బన్ డయాక్సైడే కాబట్టి, హెచ్చరిక వచ్చేలోపే ఆక్సిజన్ అయిపోతుంది. ఏ ఇబ్బందీ తెలియకుండానే స్పృహ తప్పుతుంది. పిల్లలకు ఈ పందెం పెట్టవద్దని ప్రతి ఈత మాస్టారూ మొదటి రోజే చెప్పాలి.

చల్లటి నీళ్ళలో హఠాత్తుగా పడితే ఎగశ్వాస వచ్చి, ఊపిరి మన అదుపు తప్పుతుంది. ఈ దశ ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. అప్పటిదాకా ఈదడానికి ప్రయత్నించకుండా వెల్లకిలా తేలుతూ ఉంటే చాలు. సముద్రంలో లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఆ ప్రవాహం సన్నగా ఉంటుంది, తీరానికి సమాంతరంగా పక్కకు ఈదితే బయటపడొచ్చు. మద్యం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, తాగి నీళ్ళ దగ్గరికి వెళ్ళకూడదు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద, బెల్టులు బిగించి ఉండాలి.

ఐదేళ్ళలోపు పిల్లల విషయానికొస్తే, వాళ్ళు ఎక్కువగా మునిగేది పెద్దలు ఏదో పనిలో ఉన్న ఆ ఐదు నిమిషాల్లోనే. ఈత కొలనుకు నాలుగు వైపులా, పిల్లలు ఎక్కలేని కంచె, తనంతట తానే మూసుకునే గేటు ఉంటే ప్రమాదాలు బాగా తగ్గుతాయని పరిశోధనలు రుజువు చేశాయి. పగటిపూట పిల్లలను ఒకచోట చేర్చి చూసుకునే కేంద్రాలు పెట్టి బంగ్లాదేశ్ గ్రామాల్లో మునక మరణాలను గణనీయంగా తగ్గించారు. నీళ్ళ దగ్గర పిల్లలుంటే ఒక పెద్దమనిషికి అదే పని కావాలి, చేయి చాస్తే అందేంత దగ్గరలో, చేతిలో ఫోన్ లేకుండా. "అందరం ఉన్నాం కదా" అనుకున్న చోట ఎవరూ చూడరు. ఈత నేర్పించడం మంచిదే, కానీ ఈత వచ్చిన పసివాడికీ కాపలా కావాలి.

నడక నేర్చుకుంటున్న పసివాడికి ఒంటితో పోలిస్తే తల బరువు. బకెట్‌లోకి తొంగిచూస్తూ ముందుకు తూలితే చేతులతో తోసుకుని తిరిగి లేవలేడు, అరవలేడు. ముక్కూ నోరూ మునిగేంత నీరు చాలు, అంటే కొన్ని అంగుళాలే. స్నానం అయిన వెంటనే, బట్టలు పిండిన వెంటనే, గది దాటి బయటికి రాకముందే బకెట్‌ను బోర్లించి, తలుపు మూసి గడియ పెట్టండి.